సైతాన్ల బస్సు

సోమవారం పొద్దున్న బస్సు డ్రైవరుకి ఎడమ చెంప ఊడిపోయింది.

డ్రైవరంటే సైతానే. ఆ బస్సులో ఉన్న పద్నాలుగు మందీ సైతాన్లే. ఒకడు నాలుక బయటపెట్టి కిటికీలోంచి తొంగిచూస్తుంటాడు. ఒకత్తె కోడిని చంకలో ఇరికించుకుని టిక్కెట్టు కొననని దెబ్బలాడుతుంటుంది. వెనక సీట్లో ఇద్దరు లోకాన్ని మరిచిపోయి సరసాల్లో ఉంటారు. మూరెడు పొడవు మట్టిబస్సు. రుతీలియా రెండు నెలలు కూర్చుని చేసింది. ఆవంలోంచి తీసి పన్నెండు రోజులయింది, రంగులు వేసి నాలుగు రోజులయింది. నిన్న సాయంత్రం గుడ్డ కప్పేటప్పుడు డ్రైవరు రెండు చెంపలతోనూ నవ్వుతూ ఉన్నాడు. ఇవాళ గుడ్డ తీస్తే ఎర్రటి మొహం మీద శనగగింజంత గుంట. ఊడిన పెచ్చు స్టీరింగు మీద పడి ఉంది.

రుతీలియా ముందు పిల్లికేసి చూసింది. పిల్లి పొయ్యిపక్కన ముడుచుకుని పడుకుని ఉంది. ఎలకేమో అనుకుంది. ఎలక కొరికితే పంటిగాట్లుంటాయి. తర్వాత కిటికీలోంచి వాకిలి అవతలికి చూసింది. ఒకే వాకిలి, రెండిళ్ళు, మధ్యలో ఇద్దరికీ ఒకటే ఆవం. అవతలి అరుగు మీద తోటికోడలు దెల్ఫీనా కూర్చుని మట్టిఎద్దులకు కొమ్ములు అతికిస్తోంది. తల ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడమే రుతీలియాకి అనుమానంగా తోచింది.

"అనుకున్నాను," అంది పైకే.

"ఏం అనుకున్నావే?" అన్నాడు ఫెర్మీన్, పొయ్యిదగ్గర రొట్టె నములుతూ. ఆమె మొగుడు పొద్దున్నే కొండమీద పైన్ చెట్లకు బంక తీయడానికి పోయే మనిషి. తినేటప్పుడు తప్ప ఇంట్లో దొరకడు.

"ఇలా రా. చూడు."

ఫెర్మీన్ వచ్చి చూశాడు. "పన్ను పీకించుకున్నట్టున్నాడు పాపం."

"నీకు వేళాకోళంగా ఉందా? శనివారం ఆవిడ వచ్చింది గుర్తుందా? ఇదిగో, ఇక్కడే నిలబడింది. కళ్ళు చికిలించి, మొహం బస్సుకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. రెప్ప వేయలేదు. గోరుతో ఈ చెంపే గీరింది. ఈ చెంపే! ఇవాళ అదే ఊడింది."

"వదినకి చూపు ఆనదు. నా మొహం కూడా అలాగే చూస్తుంది. నాకేం ఊడలేదు."

"నీకు ఊడటానికి ఏముంది?"

ఫెర్మీన్ నవ్వబోయి నోట్లోంచి ఏదో తీసి నేల మీద ఉమ్మేశాడు. "ఇదిగో, పన్ను ఊడేటట్టుంది. ఈమధ్య రొట్టెల్లో ఇసక తగుల్తోందే. పళ్ళకింద కరకరమంటోంది."

"రొట్టెలకి వంకలు పెట్టడం తప్ప నీకేం తెలుసు? మొన్న ఆవం తెరిచిన రోజు గుర్తు తెచ్చుకో. బొమ్మలు ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. ఆవిడ రెండు బకెట్ల నీళ్ళు మోసుకుని పరిగెత్తుకొచ్చింది. 'ముంచు, ముంచు' అంటూ. నేను అడ్డం పడకపోతే పోసేసేదే. ఎర్రగా కాలిన బొమ్మ మీద నీళ్ళు పోస్తే ఏమవుతుంది? చెప్పు."

"పగులుతుంది."

"మరి ఎందుకు తెచ్చినట్టు?"

ఫెర్మీన్ కత్తి నడుముకి దోపుకుని, టోపీ పెట్టుకుని, "కోడి కాలు విరగ్గొట్టిందని అలిగి, మట్టి జల్లించుకోమని వదిన ఇచ్చిన జల్లెడ గోడ మీంచి విసిరేసింది ఎవరు? నువ్వు. తగువు నీది, దిష్టి ఆవిడదా?" అనేసి బయటపడ్డాడు. వాకిలి దాటుతూ "వదినా, ఎద్దులు బలిశాయే!" అని కేకేశాడు. దెల్ఫీనా నవ్వింది. ఆ నవ్వు కూడా రుతీలియా లెక్కలోకి తీసుకుంది.

గుంటలోకి మళ్ళీ తొంగిచూసింది. అడుగున తెల్లగా ఏదో ఉంది. ఆవగింజకన్నా చిన్నది. సూదితో కదిపితే పిండిలా రాలింది. ఎర్రమట్టి బొమ్మలో తెలుపెక్కడిది? ఇంతసేపూ చూపు మాత్రమే అనుకుంది. చూపుకి పొడి ఉండదు. ఎవరో పెడితే తప్ప అక్కడికి తెల్లపొడి రాదు. శ్మశానంలో సమాధులకు వేసే పూత గోకి తెచ్చి గిట్టనివాళ్ళ వస్తువుల్లో దూరుస్తారని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పేది. దెల్ఫీనా ప్రతి సోమవారం మొగుడి సమాధికి పూలు పట్టుకుపోతుంది.

*

సెనాయిదా పెద్దమ్మ మధ్యాహ్నానికే వచ్చింది. పిలవకపోయినా వచ్చేది. బొమ్మలు చేసే ఆడవాళ్ళ జట్టుకి ఆవిడే పెద్ద. మట్టల ఆదివారం ముందు ఉరువాపాన్‌లో జరిగే బొమ్మల సంతకి లారీ మాట్లాడేదీ, పందిరి కింద ఎవరెవరు కూర్చోవాలో కాగితం మీద రాసేదీ ఆవిడే. పందిరి కింద చోటు పదిమందికే. పందిరి కింద ఉన్నవాళ్ళ బొమ్మలే పోటీకి చూస్తారు, వాళ్ళ దగ్గరికే కొనేవాళ్ళొస్తారు. చోటు లేనివాళ్ళకి ఏడాదంతా చేసిన బొమ్మలు అటకమీదే. ఈ ఏడు తన కోడలికే చోటు ఇవ్వలేకపోయానని సెనాయిదా చలి మొదలైనప్పట్నుంచీ అందరిదగ్గరా వాపోతూనే ఉంది.

ఆవిడ బస్సు ముందు ముక్కాలిపీట వేయించుకుని కూర్చుంది. యాభై ఏళ్ళు మట్టి పిసికిన చేతులు. వేళ్ళ కణుపులు వాచి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. చిటికెనవేలి గోరు గుంటలోకి పోనిచ్చి, తెల్లటి పలుకు ఒకటి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. వెలుతురు కేసి పట్టుకుని చూసింది. వేలు నాలుకతో తడుపుకుని నుదుటిమీద సిలువ గుర్తు వేసుకుంది. చాలాసేపు మాట్లాడలేదు.

"ఏంటి పెద్దమ్మా అది?"

సెనాయిదా వేళ్ళు గుడ్డకి తుడుచుకుంది. "నీ ఇంటికి ఎవరెవరొచ్చారే?"

"ఎవరొస్తారు? శనివారం ఆవిడ. జల్లెడ కావాలా అని అడగటానికి వచ్చానంది. నేను అడిగానా? నాకు అక్కర్లేదన్నాను. అయినా పోదే! బస్సు ముందు నిలబడి, కాల్చాక తడిపావా అని అడిగింది. నా బొమ్మలు నేనెందుకు తడుపుతానన్నాను. ఏదో అనబోయి మానేసింది."

"అనబోయి మానేసిందా?"

"నోరు తెరిచి మూసుకుంది."

"ఊ." సెనాయిదా ఆ 'ఊ'ని సాగదీసింది. "ఆవం వెలిగించేరోజు మిరపకాయల దండ ఎవరు కట్టారు?"

"నేనే. సిలువ కూడా కట్టాను."

"ఒకే ఆవంలో ఆవిడ ఎద్దులూ కాలాయి కదా? వాటిలో ఎన్ని పోయాయి?"

రుతీలియాకి ఇంతవరకు ఆ ఆలోచనే రాలేదు. అరుగు మీద వరసగా ఎద్దులు. ఒక్కదానికీ దెబ్బ లేదు.

"ఒక్కటీ పోలేదు," అంది, గొంతు తగ్గించి.

"మరింకేం," అంది సెనాయిదా. "దిష్టే. నాకు చెప్పడం ఇష్టం లేదు. ఏకాకి మనిషి, మొగుడు పోయినమనిషి. కానీ లారీలో పదిమంది సొత్తు ఉంటుంది. రెండు రోజులు ఆవిడ కళ్ళెదుట పెట్టుకు కూచోవాలి. నేను జట్టుకి జవాబు చెప్పుకోవాలా, వద్దా?"

రుతీలియా గుండె ఒక్కసారి తేలికపడింది, వెంటనే బరువెక్కింది. దెల్ఫీనాని లారీ ఎక్కించొద్దని తను అనలేదు. కానీ ఆ మాట ఎదురుగా వచ్చి కూర్చుంటే కాదనలేదు కూడా. "నీ ఇష్టం పెద్దమ్మా," అంది. సెనాయిదా మోకాళ్ళు పట్టుకుని లేచి, పోతూ పోతూ డ్రైవరు మొహం మీద గుడ్డ కప్పింది.

*

మంగళవారం ఇంకో రెండు పేలాయి. కోడి పట్టుకున్నావిడ మోచెయ్యి, బస్సు వెనక చక్రం. రెండోది రుతీలియా కళ్ళెదుటే జరిగింది. నీలం రంగు సవరిస్తూ ఉంటే 'టిక్' మని చిన్న చప్పుడైంది, గోడమీద బల్లి పలికినట్టు. చక్రం మీంచి పెచ్చు లేచి ఆమె ఒళ్ళో పడింది. ఇంట్లో ఎవరూ లేరు, తలుపు వేసి ఉంది. కిటికీ అవతల దెల్ఫీనా లేదు. ఎక్కడున్నా ఆవిడ చూపు గోడల్లోంచి వస్తోందని రుతీలియాకి అనిపించింది. కిటికీకి దుప్పటి కట్టింది.

నీళ్ళ పంపు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. రుతీలియా బిందె తీసుకుని వెనక్కి తిరిగిపోబోయింది. దెల్ఫీనా దారికి అడ్డం వచ్చి నిలబడింది. పొట్టి మనిషి, నీలం చారల శాలువా తలమీదుగా చుట్టుకుని, చేతులకి ఎండిన మట్టి. మొహం మొహానికి దగ్గరగా పెట్టి, కళ్ళు చికిలించి చూసింది.

"రుతీ, ఒక్క మాట వింటావా?"

"నన్నలా చూడకు."

"చూడకపోతే నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది? విను. మూడు పోయాయని మన జట్టులో ఒబ్దూలియా చెప్పింది. ఇంకా ఉన్నాయి లోపల. అవీ పేలుతాయి. చెమ్మ తగిలినప్పుడల్లా పేలుతూనే ఉంటాయి. నువ్వు ఆ రోజు నన్ను ముంచనిచ్చుంటే..."

"పేలుతాయా?" రుతీలియా బిందె కిందపెట్టేసింది. పంపు దగ్గర వరసలో ఉన్న నలుగురాడవాళ్ళు తలలు తిప్పారు. "విన్నారా? ఇంకా పేలుతాయట! ఎన్ని పేలుతాయో, ఎప్పుడు పేలుతాయో కూడా లెక్క ఉన్నట్టుంది ఈవిడ దగ్గర!"

"అది కాదే, మట్టిలో..."

"నా మట్టి సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. నా కోడి కాలు విరగ్గొట్టావు, ఊరుకున్నాను. నా బస్సు జోలికి రాకు!"

దెల్ఫీనా నోరు తెరిచింది. చుట్టూ చూసింది. ఆమెకి ఆ మొహాలు మసకగానే కనిపించి ఉంటాయి. అయినా ఆ నలుగురూ ఎవరి బిందె వాళ్ళు ఒంటికి దగ్గరగా లాక్కోవడం మాత్రం కనిపించినట్టుంది. తన వంతు వచ్చినా నీళ్ళు పట్టుకోకుండా ఖాళీ బకెట్టుతో వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పేలుతాయని ముందే చెప్పిందట అన్నారు. పిండిమరలో దెల్ఫీనా తట్ట పెట్టిన చోట ఇంకెవరూ తట్ట పెట్టలేదు. పసిపిల్లల తల్లులు ఆవిడ ఎదురొస్తే పిల్లల మొహాల మీద కొంగు కప్పారు. సెనాయిదా మనిషిని పంపింది, ఈ ఏడు లారీలో చోటు లేదని, ఏమీ అనుకోవద్దని. ఆ మనిషి గడప దాటి లోపలికి పోలేదట. వాకిట్లో నిలబడి, నేలకేసి చూస్తూ చెప్పి వచ్చిందట.

"తృప్తేనా?" అన్నాడు ఫెర్మీన్ ఆ సాయంత్రం. వేళాకోళం లేదు గొంతులో. "అన్న పోయాక ఆ ఎద్దులే ఆవిడకి తిండి. సంత పోతే ఏడాది పోయినట్టే."

"నేను తీయించానా కాగితంలోంచి?"

"నువ్వు కాదులే. నీ బస్సు తీయించింది." అని, రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "మళ్ళీ ఇసకే," అన్నాడు.

*

బుధవారం ప్రయాణానికి తిండి చేసుకోవాలి. రెండు రోజులకి సరిపడా రొట్టెలు. రుతీలియా మొక్కజొన్నలు చెరిగి కుండలో పోసింది, నీళ్ళు పోసింది. పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. సున్నం కుండ మూత తీసింది. సున్నం లేకుండా మొక్కజొన్న పొట్టు ఊడదు, పిండి ముద్దకాదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చేస్తున్న పనే. సున్నపుగడ్డ రోట్లో వేసి దంచింది. పొడిని జల్లెడలో పోసి, కుండమీద పట్టుకుని, అరచేత్తో అంచు కొడుతూ జల్లించింది. తప, తప, తప.

కుండలోకి తెల్లటి పొడి దిగింది. దాంతోపాటు ఎర్రగా సన్నటి దుమ్ము కూడా దిగింది.

చెయ్యి ఆగిపోయింది. జల్లెడ తిరగేసి వెలుతురుకి పట్టుకుంది. తీగల అల్లిక సందుల్లో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది. ఆ మట్టి పక్కనే, అవే సందుల్లో, సున్నపు పలుకులు. రొట్టెల్లో ఇసక. దెల్ఫీనా ఇచ్చిన ఇత్తడి జల్లెడని తను గోడమీంచి విసిరేశాక, బస్సుకి మట్టి జల్లించడానికి ఇంకో జల్లెడ లేక, వంటింటి మేకుకున్న ఈ జల్లెడే తీసుకుంది. దులిపింది కూడా. ఓ రెండు దెబ్బలు దులిపి, చాల్లే అనుకుంది.

రుతీలియా లేచి, కిటికీకి కట్టిన దుప్పటి తీసేసి, బస్సు ముందు కూర్చుంది. డ్రైవరు చెంపలో మిగిలిన తెల్లటి పలుకు సూదితో తీసింది. ఎవరూ చూడటం లేదని తెలిసినా ఒకసారి వెనక్కి చూసింది. నాలుక మీద వేసుకుంది.

చురుక్కుమంది. ఆ చురుకు ఆమెకి తెలుసు. నాలుగేళ్ళ పిల్లప్పుడు అమ్మ సున్నం కుండలో వేలు పెట్టి నాకి ఏడ్చిన రోజునుంచీ తెలుసు. ఊళ్ళో ఏ ఆడదాన్ని నిద్రలేపి నాలుక మీద వేసినా చెప్పేస్తుంది. శ్మశానం పొడి కాదు, దిష్టి కాదు. తన వంటిల్లు.

అప్పుడు ఒక్కొక్కటీ వరసగా వచ్చి నిలబడ్డాయి. సున్నపుగడ్డ మీద నీళ్ళు పోస్తే ఉడికి, ఉబ్బి, పొడి అవుతుంది. మట్టిలో ఇరుక్కున్న పలుకు ఆవంలో కాలి, తర్వాత గాలిలో చెమ్మ పీల్చుకుని నెమ్మదిగా ఉబ్బుతుంది. మీదున్న చెంపని నెట్టేస్తుంది. ఆవంలోంచి తీసిన వేడిమీదే నీళ్ళలో ముంచితే ఆ సున్నం ఉబ్బి నెట్టే లోపలే మెత్తబడి చచ్చేది. దెల్ఫీనా పచ్చిబొమ్మల మీద తెల్లచుక్కలు చూసి ఉంటుంది. మొహం ఆనించి చూసేది ఆవిడొక్కతే. అందుకే రెండు బకెట్లతో పరిగెత్తుకొచ్చింది. ఒకటో రెండో సైతాన్లు పగిలినా మిగిలిన బస్సు దక్కుతుందని తెగించి తెచ్చిన నీళ్ళు.

రుతీలియాకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఇంకో ఆలోచన మెల్లిగా వచ్చింది. ఎవరికి తెలుసు? జల్లెడ కడిగేస్తే అయిపోతుంది. గుంటల్లో మైనం పెట్టి రంగు వేస్తే పోటీలో ఎవరూ కనిపెట్టరు. దెల్ఫీనాకి వచ్చే ఏడు చోటు ఇప్పించొచ్చు. ఈ ఆలోచన చాలాసేపు ఆమె పక్కనే కూర్చుంది. కుండలో మొక్కజొన్న ఉడికి పొంగింది. దించింది. గుంటల్లో మైనం పెట్టింది, రంగు వేసింది. డ్రైవరు మళ్ళీ రెండు చెంపలతో నవ్వాడు. అంతా అయ్యాక జల్లెడ కడగడానికి తీసుకుని, కడగలేక, అలాగే గుడ్డలో చుట్టి బస్సు పెట్టెలో పెట్టింది.

*

గురువారం ఎండ కొండమీదికి రాకముందే లారీ చర్చి ముందు నిలబడింది. ఆడవాళ్ళు గడ్డి పరిచి, పెట్టెల మధ్య ఎవరి చోటు వాళ్ళు చేసుకుంటున్నారు. సెనాయిదా కాగితం పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడింది. దెల్ఫీనా చోట్లో సెనాయిదా కోడలు కూర్చుని, పెట్టెని రెండు చేతులా పట్టుకుని ఉంది.

రుతీలియా తన పెట్టె కింద పెట్టి మూత తీసింది. గుడ్డలోంచి జల్లెడ తీసి, సందులోని పలుకు ఒకటి గోటితో గిల్లింది.

"పెద్దమ్మా, నోరు తెరువు."

"ఏంటే?"

"నాలుక మీద వేసుకుని చూడు. బస్సులో ఉన్నది ఇదే. మా వంటింటి సున్నం. ఈ జల్లెడతోనే నేను మట్టి జల్లించాను. దెల్ఫీనక్క ఏ పాపం ఎరగదు."

సెనాయిదా నోరు తెరవలేదు. రుతీలియా వేలికేసి చూడను కూడా చూడలేదు. "నాకు రుచి చూడాల్సిన అవసరం ఏముంది? పెట్టె ఎక్కించు. ఎండెక్కుతోంది."

ఆ మాటతో రుతీలియాకి సోమవారం మధ్యాహ్నం కళ్ళముందు నిలిచింది. నలిపిన పలుకు. నాలుకకి తాకించిన వేలు. తర్వాత చాలాసేపు మాట్లాడకపోవడం. నాలుగు రోజులుగా దెల్ఫీనా నవ్వినా, తల ఎత్తినా, ఎత్తకపోయినా అనుమానించిన రుతీలియా, తన ఇంట్లో తన పీట మీద కూర్చున్న ఈ మనిషిని ఒక్కసారీ అనుమానించలేదు.

"నీకు తెలుసు," అంది.

"నాకేం తెలుసు?"

"ఆ రోజే తెలుసు. వేలు నాకావు. నేను చూశాను. ఏంటది అని అడిగితే, ఎవరొచ్చారని అడిగావు."

సెనాయిదా కాగితం నాలుగు మడతలు పెట్టింది. "నేనేం అన్నాను? దిష్టి అన్నానేమో. అనుమానం ముందు నా దగ్గర వెళ్ళబోసుకుంది ఎవరు? పంపు దగ్గర నలుగుర్లో అరిచింది ఎవరు? నేనా?"

అది నిజం.

పైనుంచి ఒబ్దూలియా చెయ్యి చాపింది. లావుపాటి మనిషి, నోరున్న మనిషి. "ఇలా తే, నేను చూస్తా." నాలుక మీద వేసుకుంది, మొహం చిట్లించి తుపుక్కున ఉమ్మింది. "సున్నమే! ఓరి దేవుడా, నా పెళ్ళయిన కొత్తలో నేనూ ఇదే చేశానే. మా అత్త చీపురు తిరగేసింది." ఇంకొకరు చెయ్యి చాపారు. ఇంకొకరు. ఒక్కొక్కరే నాకారు, ఒక్కొక్కరే తల దించుకున్నారు. పంపు దగ్గర బిందెలు లాక్కున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒబ్దూలియా తన పెట్టెని మోకాళ్ళమీదికి ఎత్తుకుని పక్కన జానెడు చోటు చేసింది. "పిలుచుకురా పో."

"పావుగంట," అన్నాడు లారీ డ్రైవరు.

రుతీలియా పరిగెత్తింది. దెల్ఫీనా తలుపుకి గొళ్ళెం వేసి ఉంది. అరుగు మీద ఎద్దులు లేవు, ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. వాకిలి మధ్య ఆవం నోటిదగ్గర, మిరపకాయల దండ కట్టే మేకుకి, ఇత్తడి జల్లెడ వేలాడుతోంది. పొద్దున్న పెట్టె మోసుకుపోయే హడావుడిలో చూడలేదు. శుభ్రంగా తోమి ఉంది. అంచు తాడు కొత్తది. రుతీలియా దాన్ని తాకింది గానీ తీయడానికి చేతులు రాలేదు.

వెనక్కి వచ్చి, ఒక్కతే లారీ ఎక్కింది. సెనాయిదా డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చుంది.

ఊరు దాటి రెండు మలుపులు ఎక్కాక, పైన్ చెట్ల కింద రోడ్డంచున ఎవరో నడిచిపోతూ కనిపించారు. వీపు మీద పెద్ద గంప, నుదుటికి పట్టీ, నీలం చారల శాలువా. బస్సులు ఆగే దారిదాకా నడిచిపోయి, సంతలో పందిరి లేని చోట, నేలమీద గుడ్డ పరుచుకుని అమ్ముకుందామని బయల్దేరిన మనిషి. లారీ చప్పుడు విని పక్కకి తప్పుకుంది. తప్పుకుని, గట్టుకేసి తిరిగి, శాలువా కొంగు కళ్ళ కిందిదాకా లాక్కుని, రెండు చేతుల్తో అదిమి పట్టుకుని నిలబడింది. లారీలో పదిమంది మట్టి బొమ్మలున్నాయని ఆవిడకి తెలుసు. వాటిమీద తన చూపు పడకూడదని, పడిందని మళ్ళీ ఎవరూ అనకూడదని, కళ్ళు మూసుకుంది.

రుతీలియా లేచి లారీ ముందుభాగం కప్పు మీద రెండు చేతుల్తో దబదబా బాదింది. "ఆపు! ఆపవయ్యా!"

లారీ ఆగీ ఆగకముందే పెట్టెతో సహా దూకింది. దెల్ఫీనా అలాగే గట్టుకేసి తిరిగి ఉంది.

"పోయిందా బండి?" అంది, శాలువా లోంచి.

"పోలేదు. కళ్ళు తెరువక్కా."

"అందరి సామాన్లూ ఉన్నాయి కదే. పోనీ ముందు."

రుతీలియా పెట్టె మూత విసిరేసి, బస్సు రెండు చేతులా బయటికి తీసింది. లారీలోని ఆడవాళ్ళందరూ చూస్తుండగా, ముందుసీట్లోంచి సెనాయిదా మెడ తిప్పి చూస్తుండగా, దాన్ని దెల్ఫీనా మొహం ముందు పట్టుకుంది. "సున్నమే అక్కా. మా వంటింటి జల్లెడ. ఇప్పుడే అందరికీ నాకించి వచ్చాను. నువ్వు చెప్తే నేను వినలేదు. చూడు. ఎంతసేపైనా చూడు."

శాలువా అదిమిపట్టిన వేళ్ళు వదులయ్యాయి. తర్వాత కొంగు కొంచెం పైకి లేచింది. దెల్ఫీనా లారీకేసి చూడలేదు. రుతీలియాకేసీ చూడలేదు. మొహం బస్సుకి ఆనించినంత దగ్గరగా తెచ్చి, కళ్ళు చికిలించి, డ్రైవరునుంచి వెనక సీటుదాకా ఒక్కొక్క సైతానునీ చూసుకుంటూ పోయింది. డ్రైవరు చెంప మీద మైనాన్ని గోటితో తట్టి, పెదవి విరిచింది. కోడి పట్టుకున్నావిడ మెడ దగ్గర ఆగింది.

"ఇక్కడ ఒకటుంది," అంది. "ఇదిగో, ఈ కొమ్ము మొదట్లో ఇంకోటి. రంగు పోతే పోనీ, ఇప్పుడైనా ముంచితే మంచిది." తల ఎత్తకుండానే అడిగింది, "బండిలో నీళ్ళున్నాయా?"